ఉత్త బుధవారం

సోలాపూర్ తెలుగు పిల్లలకు పండుగల కరువు లేదు. సంక్రాంతి వచ్చిందంటే సిద్ధేశ్వరుడి గడ్డా జాతర: ఏడు నందిధ్వజాలు ఊరేగుతాయి, హోం మైదానంలో రంగులరాట్నాలు రోజుల తరబడి తిరుగుతూనే ఉంటాయి. ఆషాఢంలో పోచమ్మకు బోనాలు. శ్రావణ పున్నమికి పెద్దలు జంధ్యాలు మార్చుకుంటారు, పిల్లలు రాఖీలు కట్టించుకుంటారు, అందరూ కలిసి మార్కండేయుడి రథం వెంట నడుస్తారు. ఆ తర్వాత గణపతి, బతుకమ్మ, దసరా, దీపావళి. మరాఠీ పంచాంగంలో ఉన్నవీ మనవే, తెలుగు పంచాంగంలో ఉన్నవీ మనవే. అయినా అన్నీ కలిపి లెక్కేస్తే ఏడాదిలో రెండు నెలలకు మించవు. మిగతా పది నెలలు పిల్లల చేతిలో ఏముంటుంది? బడి, హోంవర్కు, సాంచాల (కరెంటు మగ్గాల) మోత, సెల్‌ఫోను, నిద్ర.

ఆ పది నెలల తరఫున బుధవారాన్ని నిలబెట్టి చూడొచ్చు. బడికి సెలవు లేదు, చుట్టాలు రారు, అంగట్లో కొనేదేమీ లేదు. సోలాపూర్ తన పేటలకే వారాల పేర్లు పెట్టుకున్న ఊరు: మంగళవార్ పేట, బుధవార్ పేట, శుక్రవార్ పేట, శనివార్ పేట. బుధవారానికి ఊళ్లో ఒక పేటయితే దొరికింది కానీ ఇంట్లో విశేషం దొరకలేదు. అయిదేళ్ల పిల్లకు ఆ ఉత్త బుధవారం గుర్తుండిపోయేలా చేయడం ఎట్లా అన్నదే ఈ వారం సంగతి.

పిల్లల పెంపకం మీద వచ్చే వ్యాసాలు ఈ ప్రశ్నకు ఒకే జవాబు చెబుతాయి: పిల్లలకు టైమివ్వండి. పట్నంలో నెలజీతాల ఇళ్లకు చెల్లే సలహా అది. సోలాపూర్‌లో మగ్గాలు, బీడీల మీద బతికే కుంఠా నాకా లాంటి చోట మాత్రం తడబడుతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో అమ్మానాన్నల టైముకు విడిగా ధర కట్టి ఉంటుంది. సాంచా మీద ఎన్ని తువ్వాళ్లు దిగితే అంత కూలి, చాటలో ఎన్ని వందల బీడీలు పడితే అంత కూలి. పిల్లతో అరగంట కూర్చుని ఆడుకుంటే ఆ అరగంట కూలి పోయినట్టే. పన్నెండు గంటల పాళీ నడిపి వచ్చిన తండ్రికి ‘పిల్లలతో కాస్త మనసుపెట్టి గడపండి’ అని చెప్పేవాళ్లు ఆయన చేతులకు అంటిన నూలు దుమ్మును చూడలేదన్నమాట.

ఈ జీవితం నిన్న మొన్న మొదలైంది కాదు. సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో పెట్టారు. ఊరి జనం తర్వాత దాన్ని జూనీ మిల్లు అన్నారు. కరువుకు, అప్పులకు తట్టుకోలేక కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్, మెదక్ వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఈ ఊరి దారి పట్టాయి. చేతిమగ్గాలు పోయి కరెంటు మగ్గాలు వచ్చాయి, మిల్లులు మూతపడ్డాయి, చద్దర్లు నేసినచోట తువ్వాళ్లు పెరిగాయి. సోలాపూర్ చద్దరుకు, టెర్రీ తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మగవాళ్లు కార్ఖానాల్లో, ఆడవాళ్లు గడప దగ్గర బీడీల చాట ముందు. ఈ రెండింటి మధ్యే నాలుగు తరాల పిల్లలు పెరిగారు. వాళ్లలో చాలామందికి చిన్నతనం కరువుగా గుర్తులేదు, కళకళలాడుతూ గుర్తుంది. పిల్లల కోసమని విడిగా తీసి పెట్టిన గంటలు ఆ ఇళ్లలో లేవు. పెద్దల పని గంటల్లోనే పిల్లలకు ఒక వంతు ఉండేది. సంగతంతా ఆ వంతులోనే ఉంది.

నల్లా రోజునే తీసుకోండి. సోలాపూర్‌కు భీమా నది మీది ఉజనీ డ్యాము నీళ్లిస్తుంది. నీళ్లు మాత్రం మూడు నాలుగు రోజులకోసారి వచ్చే కాలాలే ఎక్కువ. పెద్దలకు అది తలనొప్పి. డ్రమ్ములు కడగాలి, మోటరు పెట్టాలి, పక్కింటివాళ్లతో పైపు పంచుకోవాలి, ఒక్కోసారి అర్ధరాత్రి లేవాలి. అదే ఇంట్లో నాలుగేళ్ల పిల్లవాడిని అడిగితే నల్లా రోజంటే కళ్లు మెరుస్తాయి. ఆ రోజు ఇంట్లో అందరూ ఒకే పని మీద ఉంటారు. పైపు చివర పట్టుకునే పని తనది. డ్రమ్ము నిండుతోందని కేక వేసే పని అక్కది. చివర మిగిలిన నీళ్లతో పెద్ద టబ్బులో స్నానం, ఆ ఒక్క రోజే. అవ్వ అరుపులు, వాకిలంతా తడి, అమ్మ కొంగు నడుముకు చెక్కి ఉండటం, అన్నీ ఆ లెక్కలోనివే. డబ్బు ఖర్చు లేదు, విడిగా టైమూ లేదు. తప్పనిసరి పనిలో పిల్లవాడికి పేరు పెట్టి ఒక వంతు ఇచ్చారు, అంతే.

అమెరికాలో జేమ్స్ బోసార్డ్, ఎలియనోర్ బోల్ అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు 1950లోనే కుటుంబాల్లోని ఇలాంటి చిన్న చిన్న ఆనవాయితీల మీద ఒక పుస్తకం రాశారు. అప్పటి నుంచి యాభై ఏళ్ల పాటు వచ్చిన పరిశోధనలను 2002లో బార్బరా ఫీసీ, ఆమె తోటివాళ్లు ఒకచోట చేర్చి చూశారు. వాళ్లు చూపించిన తేడా నల్లా రోజుకు సరిగ్గా సరిపోతుంది. ఇంట్లో రోజూ జరిగేవి రెండు రకాలు. ఒకటి, ఈ పని కావాలి కాబట్టి చేసేది. అయిపోయాక ఎవరూ దాన్ని తలచుకోరు. రెండోది, మనింట్లో ఇలాగే చేస్తాం అనిపించేది; చేయకపోతే ఏదో వెలితి. పైకి రెండూ ఒకే పనిగా కనిపించొచ్చు. డ్రమ్ము నింపడం మొదటి రకం. పైపు చివర చిన్నోడే పట్టుకోవాలి, వాడు నిద్రపోతుంటే లేపి మరీ పట్టించాలి అన్న పట్టుదల రెండో రకం. చిన్న పిల్లలున్న ఇళ్లకు ఈ రెండూ అండగా నిలుస్తాయని ఆ సమీక్ష చెప్పింది.

పనిని ఆనవాయితీగా మార్చేదేమిటి? మూడు సంగతులు కనిపిస్తాయి: దానికో పేరుండాలి, పిల్లకు అందులో సొంత వంతుండాలి, అది మళ్లీ మళ్లీ రావాలి.

పేరు విషయంలో వంటిల్లు ముందుంటుంది. జొన్నరొట్టె కొట్టేటప్పుడు పిండిలోంచి ఒక ఉండ తీసి పిల్లకిచ్చే అలవాటు తెలంగాణలోనూ ఉంది, సోలాపూర్‌లోనూ ఉంది. పిల్ల రొట్టె గుండ్రంగా రాదు, అంచులు పగులుతాయి, ఒకవైపు మాడుతుంది. అయినా పెనం మీద దాని వంతు దానిదే. పల్లీల కారప్పొడితో అది ఎవరి కంచంలో పడాలో నిర్ణయించే హక్కు చేసినామెదే. దానికి ఆ ఇంట్లో ఒక పేరు పెట్టి, వారానికి ఒక రోజు కేటాయిస్తే బుధవారం ముఖం మారిపోతుంది. ‘ఈ రోజు చిట్టిరొట్టె రోజు’ అని పొద్దున్నే గుర్తుచేయాల్సిన అవసరం అమ్మకు ఉండదు, మంగళవారం రాత్రే పిల్ల గుర్తుచేస్తుంది. ఖర్చు గుప్పెడు పిండి. అరగంట ముందు నుంచీ అమ్మ ఎలాగూ పొయ్యి దగ్గరే ఉంది.

మళ్లీ మళ్లీ రావడం పెద్దలకు విసుగు, పిల్లలకు ఊపిరి. చెప్పిన కథే చెప్పమని పీడించని పిల్ల ఎక్కడైనా ఉందా? ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హోర్స్ట్ బృందం 2011లో ఒక పరీక్ష చేసింది. మూడేళ్ల పిల్లల్లో కొందరికి ఒకే కథను మళ్లీ మళ్లీ చదివారు, మరికొందరికి వేరువేరు కథలు చదివారు. కొత్త మాటలు రెండు గుంపులకూ అన్నేసి సార్లు వినిపించినా, ఒకే కథ విన్న పిల్లలే వాటిని బాగా పట్టుకున్నారు. కుంఠా నాకా పిల్లలకు ఈ విషయం మరీ అవసరం. బళ్లో మరాఠీ, అంగట్లో కన్నడం, గల్లీలో దక్కనీ హిందీ, ఇంట్లో తెలుగు. నాలుగింటిలో తెలుగు వినపడే గంటలు తగ్గిపోతున్నాయి. ఒకప్పుడు చదువొచ్చిన ఇళ్లకు చందమామ ఆసరా. 1947 జూలైలో తెలుగు, తమిళాల్లో మొదలైన ఆ పత్రిక 1952 నుంచి చాందోబా పేరుతో మరాఠీలోనూ వచ్చింది. ఇప్పుడు రెండూ లేవు. రాత్రి దీపం తీశాక అవ్వ చెప్పే ఒక్క తెలుగు కథ, అదే రాజు, అదే రాక్షసుడు, అదే చోట అదే గొంతు మార్పు. పిల్లకు పది కొత్త కథలు చేయలేని పని అది చేస్తుంది. అవ్వ ఎక్కడైనా ఒక ముక్క వదిలేస్తే పిల్ల లేచి కూర్చుని సరిదిద్దుతుంది చూడండి, కథ చేతులు మారిందని అప్పుడే తెలుస్తుంది.

ఇక పిల్ల వంతు. ఇక్కడ సోలాపూర్ కథ కొంచెం చేదు.

కండెలు చుట్టడం, పోగులు అతకడం నేతగాళ్ల ఇళ్లలో తరతరాలుగా పిల్లల పనే. బీడీల ఇళ్లలో ఆడపిల్లలు బడి నుంచి రాగానే ఆకు కత్తిరించేవాళ్లు, చుట్టిన బీడీల కొసలు మడిచేవాళ్లు. పెద్దలు దాన్ని ‘అమ్మకు సాయం’ అన్నారు. ఆ సాయంతోనే రోజుకు వెయ్యి బీడీల లెక్క పూర్తయ్యేది. చాలామంది ఆడపిల్లల చదువు ఆ లెక్కలోనే ఆగిపోయింది. బాలకార్మిక నిషేధం, నియంత్రణ చట్టం 1986లో వచ్చినప్పుడు పిల్లలు చేయకూడని పనుల పట్టికలో బీడీల తయారీ ఉంది. అయితే ఇంటివాళ్లే నడిపే పనిచోటును ఆ చట్టం అప్పట్లో మినహాయించింది. గడప లోపలి చాట దాకా చట్టం రాలేదు.

అందువల్ల ‘పిల్లలకు పనిలో వంతు ఇవ్వండి’ అని రాసేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా రాయాలి. పిల్ల చేసింది కూలి లెక్కలో కలిసిందా, అది వంతు కాదు, కూలి. చిట్టిరొట్టె లేకపోయినా ఇంట్లో అందరి కడుపూ నిండుతుంది. చిన్నోడు పైపు వదిలేసి పరిగెత్తినా డ్రమ్ము నిండుతుంది. కానీ పిల్ల ఆకు కత్తిరించకపోతే ఆ రోజు వెయ్యి పూర్తి కాదంటే, అక్కడ ఎంత నవ్వులాట ఉన్నా అది చాకిరీయే. పిల్ల ఎప్పుడైనా ‘నేను చేయను’ అనగలగాలి. అన్నా ఇంటి పొయ్యి ఆరకూడదు. పొగాకు దుమ్ము, తిరిగే సాంచా, ఊడిన వైరు, వీటి దగ్గర ఏ పేరుతోనూ పిల్లలకు చోటు ఉండకూడదు.

సాంచా ఆగాక మిగిలే సామాను వేరు. నూలు అయిపోయిన ఖాళీ కోనులు, విరిగిన కండెలు, పాతబడి పక్కన పడేసిన జకార్డు అట్టలు. చిల్లులు పడ్డ ఆ అట్టల వల్లే చద్దరు మీద పువ్వు పూస్తుంది. ఏ చిల్లు ఎక్కడుందో దాన్ని బట్టి ఏ పోగు లేవాలో మగ్గానికి తెలుస్తుంది. ఆ అట్టను దీపానికి అడ్డంపెట్టి గోడ మీద చుక్కలు పడేయడం, కోనులు పేర్చి గోపురం కట్టడం ఏ కంపెనీ బొమ్మకూ తీసిపోని ఆటలు. కొనే బొమ్మకు లేని గుణం వీటికి ఒకటుంది: నాన్న రోజంతా ఏం చేస్తాడో పిల్ల చేతికి అందుతుంది. మహారాష్ట్రలో ఈ దారి చూపించిన మహాతల్లులున్నారు. తారాబాయి మోడక్ 1945లో అప్పటి ఠాణే జిల్లా బోర్డీలో పిల్లల బడులు మొదలుపెట్టినప్పుడు అనుతాయి వాఘ్ ఆమె వెంట నడిచింది. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ల వాకిట్లోకి వెళ్లాలన్నది వాళ్ల పద్ధతి. ఆకులు, గవ్వలు, రాళ్లు, పుల్లలు, ఊళ్లో దొరికేవే పాఠం సామాను. బోర్డీకి గవ్వ ఎలాగో కుంఠా నాకాకు ఖాళీ కోను అలాగ.

చద్దరు సంగతి సరేసరి. రంగు కలవకో, అంచు తప్పో అమ్మకానికి పోని చద్దరు ప్రతి నేతింట్లో ఒకటుంటుంది. సోలాపూర్ ఎండ నలభై మూడు డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద పడక తప్పదు. సాయంత్రం నీళ్లు చల్లి, పిట్టగోడకు రెండు కొసలు కట్టి, కింద రెండు ఇటుకలు పెడితే గుడారం. లోపల ముగ్గురు పిల్లలు, ఒక టార్చి. మగ్గం మీద తాను నేసిన తప్పు చద్దరు కింద పిల్లలు కేరింతలు కొడుతుంటే ఆ తప్పును ఏ తండ్రీ తప్పుగా లెక్కపెట్టడు.

తండ్రుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. రాత్రి పాళీ తండ్రికి పిల్లలు కనిపించేది పొద్దున బడికి పోయే హడావిడిలోనే. ఆయన నిద్ర లేచేసరికి వాళ్లు ట్యూషన్లో ఉంటారు. ఇలాంటి ఇళ్లకు ఎదురెదురుగా కూర్చునే ఆనవాయితీలు కుదరవు. రాత్రి కట్టే డబ్బాలో మూడో గిన్నె పక్కన పిల్ల గీసిన బొమ్మ ఒకటి పెట్టొచ్చు. పొద్దున ఖాళీ డబ్బాలో దానికి జవాబు రావాలి. జవాబు కార్ఖానా దగ్గర దొరికిన రంగు పోగు కావచ్చు, బొమ్మ వెనక గీసిన మీసం కావచ్చు. తండ్రికి రాయడం రాకపోయినా నడిచే ఉత్తరాలివి. ఇద్దరూ ఒక్కచోట ఉండని రోజున కూడా ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తారు.

ఊరే మారిపోతోంది, అదింకో సంగతి. కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం, ఊరందరికీ ఆడం మాస్టరు, నడిపిన పోరాటాల ఫలితంగా కుంభారి దగ్గర బీడీ కార్మికులకు గోదూతాయి పరులేకర్ పేరుతో పదివేల ఇళ్లు లేచాయి. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని అప్పగించారు. అదే వైపు రేనగర్‌లో ముప్పై వేల ఇళ్ల పథకంలో పదిహేను వేలు 2024 జనవరి 19న కార్మికుల చేతికి వచ్చాయి. సొంత తాళంచెవి అంటే చిన్న సంగతి కాదు. అయితే కుంఠా నాకా గల్లీలో అవ్వ పక్కింట్లోనే ఉండేది, మేనత్త ఎదురింట్లో ఉండేది, పిల్లవాడు ఏ గడపలోకి వెళ్లినా బువ్వ దొరికేది. కొత్త కాలనీలో ఆ గడపలు లేవు. ఇల్లు మారేటప్పుడు మంచం, బీరువాతో పాటు ఆనవాయితీలను కూడా మూట కట్టుకుపోవాలి. నల్లా రోజు అక్కడ వేరే రోజున రావచ్చు, మిద్దె వేరేగా ఉండొచ్చు. చిట్టిరొట్టె బుధవారం మాత్రం మొదటి వారమే మొదలవ్వాలి. సామాన్లు సర్దడం అయ్యాక చూద్దామంటే ఆ సర్దుడు ఎప్పటికీ కాదు.

పాడయ్యే దారులూ ఉన్నాయి. ఒకటి, పెద్దది చేయడం. చిట్టిరొట్టె బాగుంది కదా అని రెండో వారం స్వీటు, మూడో వారం బొమ్మ చేరిస్తే నాలుగో వారానికి అమ్మ అలిసిపోతుంది, అయిదో వారం అది ఉండదు. జ్వరమొచ్చిన రోజున కూడా జరిపించగలిగినంత చిన్నదే నిలబడుతుంది. రెండోది, ఫోటో. పిల్ల రొట్టె పెనం మీద పడేలోపు ‘ఆగాగు, ఇటు చూడు’ అనడం మొదలైతే పిల్ల రొట్టె మానేసి ఫోను కోసం నవ్వడం నేర్చుకుంటుంది. మూడోది, బెదిరింపు. హోంవర్కు చేయకపోతే ఈ వారం రొట్టె లేదు అన్న రోజున అది ఇంటి ఆనవాయితీ హోదా పోగొట్టుకుని బహుమానాల జాబితాలోకి దిగిపోతుంది. అలిగిన పిల్లకు కూడా ఉండ ఇవ్వాలి. రొట్టె కొట్టడం, కొట్టకపోవడం దాని ఇష్టం.

ఏ సామానూ అక్కర్లేనిది ఒకటి మిగిలింది, ప్రశ్నలు. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ 2001లో పిల్లల కోసం ఇరవై ప్రశ్నలు తయారుచేశారు. అమ్మానాన్న ఎక్కడ కలిశారు, తాతలు ఎక్కడ పెరిగారు, ఇంట్లో ఎప్పుడు ఏ కష్టం వచ్చింది, ఇలాంటివి. తమ కుటుంబం కథ ఎక్కువ తెలిసిన పిల్లల్లో తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా కనిపించింది. సోలాపూర్ తెలుగు ఇళ్లకు ఇలాంటి ప్రశ్నలు ఇరవై కాదు, నలభై తయారుగా ఉన్నాయి. మనింటిపేరు ఏ ఊరి నుంచి వచ్చింది? తాత వాళ్ల నాయిన సోలాపూర్‌కు రైల్లో వచ్చిండా, నడిచి వచ్చిండా? మొదట ఎవరింట్లో దిగిండు? మిల్లు మూసిన నెల ఇంట్లో ఏం వండుకున్నరు? అవ్వ రోజుకు ఎన్ని బీడీలు చుట్టేది? నాన్నకు మరాఠీ ఎవరు నేర్పిండ్రు?

జవాబులు బట్టీ పట్టిస్తే లాభం లేదని డ్యూకే చెప్పారు. భోజనాల దగ్గరో, ప్రయాణంలోనో ఏళ్ల తరబడి సాగే ముచ్చట్లే పిల్లలకు ఆ బలం ఇస్తాయి, ప్రశ్నలు వాటికి ఆనవాలు మాత్రమే. కాబట్టి వారానికి ఒక్క ప్రశ్న చాలు, అదీ రొట్టె కాలుతుండగా. జవాబు అమ్మకూ తెలియకపోతే మరీ మంచిది. సిరిసిల్లలోనో భివండీలోనో ఉన్న పెద్దనాయినకు పిల్ల చేతనే ఫోను కలిపించి, స్పీకరు పెట్టి అడిగించాలి. ఆయన ఒకటి చెబుతాడు, పక్కనుంచి పెద్దమ్మ కాదంటూ ఇంకొకటి చెబుతుంది, ఇద్దరూ వాదించుకుంటారు. వచ్చే బుధవారం వాళ్లే ఫోను చేసి, తాత దిగింది ఎవరింట్లోనో తేలిందని చెబుతారు.